ఏజెన్సీ: మన చిరునామాలో ఉన్న ఇంగ్లీషు మాట



చదువు కోసం బుట్టాయగూడెం వైపు నుంచి తాడేపల్లిగూడెం వచ్చిన కొత్తలో మాలో ఒకరికి ఎదురైన అనుభవం ఇది. బస్సు దిగి బజారు వెంట నడుస్తుంటే సిమెంటు కొట్టు బోర్డు మీద ‘ఏజెన్సీస్’ అని కనిపించింది. నాలుగడుగులు వేస్తే ఫ్యాన్ల కొట్టు, దాని మీదా ‘ఏజెన్సీస్’. ఆ పక్కన గ్యాస్ ఏజెన్సీ, ఎదురుగా ట్రావెల్ ఏజెన్సీ. ‘మన ఏజెన్సీ వాళ్ళు గూడెంలో ఇన్ని కొట్లు పెట్టారా!’ అని ఆ రోజు నిజంగానే సంతోషపడ్డాడు. హాస్టల్‌కి వెళ్ళి చెబితే అందరూ నవ్వారు. తర్వాత అతనికి ఒక ప్రశ్న మిగిలింది. ఫ్యాన్లు అమ్మే కొట్టుకీ, మన కొండలకీ ఒకే పేరు ఎందుకు?

ఈ సంచికకి చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు ముందు మాకు వీరుల కథే తోచింది. వాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని మన పేరు పక్కన రోజూ నిలబడే ఈ ఒక్క మాట వెనకాల నడిచి చూద్దామనుకున్నాం. వీరులు ఎలాగూ దారిలో కలుస్తారు.

ఈ మాట పుట్టుక లాటిన్ భాషలో ఉంది. అక్కడ ‘అగెరె’ అంటే తోలడం, నడిపించడం, చేయడం. మొదట పశువుల్ని తోలడానికి వాడిన మాట అది. సంస్కృతంలో తోలడం అనే అర్థమున్న ‘అజ్’ ధాతువు దీనికి చుట్టమని భాషా పండితులు చెబుతారు. ఆ లాటిన్ మాటకి పిల్లలు చాలామంది. నాటకంలో యాక్టర్, పోలీసుల యాక్షన్, అసెంబ్లీలో పాసయ్యే యాక్ట్, మన సంఘం మీటింగులో చదివే అజెండా, కలెక్టరాఫీసు ముందు చేసే అజిటేషన్, ఇవన్నీ ఒక కడుపున పుట్టినవే. అంటే ‘ఏజెన్సీ’, ‘అజిటేషన్’ తోబుట్టువులన్న మాట. ఈ సంగతి తెలిసిన రోజు మాకు బాగా నవ్వొచ్చింది.

చేసేవాడు ఏజెంట్. చేయడం, చేయగల శక్తి ఏజెన్సీ. 17వ శతాబ్దం నాటి ఇంగ్లీషులో ఈ అర్థం కనిపిస్తుంది. ఇవాళ కూడా యూనివర్సిటీల్లో సామాజిక శాస్త్రాలు చదివేవాళ్ళు ఈ అర్థంలోనే వాడతారు. ఒక మనిషి తన బతుకు గురించి తానే నిర్ణయించుకుని అడుగు వేయగలిగితే ‘అతనికి ఏజెన్సీ ఉంది’ అంటారు. పీజీలో సోషియాలజీ తీసుకున్నవాళ్ళు ఈ వాక్యం విని తికమకపడే ఉంటారు. వ్యాకరణంలో ఏజెంట్ అంటే కర్త. పాణిని కర్తని నిర్వచిస్తూ స్వతంత్రుడని చెప్పాడు. ఇంకొకరు చేయిస్తే కాక, పనిలో తానే ముఖ్యుడై చేసేవాడన్న మాట.

ఇదే మాటకి వ్యాపారంలో, చట్టంలో పూర్తిగా ఎదురు అర్థం వచ్చింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ప్రకారం ఏజెంట్ అంటే ఇంకొకరి తరఫున పని చేసేవాడు, ఇంకొకరి బదులు బయటివాళ్ళతో వ్యవహరించేవాడు. తరఫున పంపేవాణ్ణి ప్రిన్సిపల్ అంటారు. (కాలేజీ ప్రిన్సిపాల్ కాదు, యజమాని అనుకోండి.) తాడేపల్లిగూడెంలో ఫ్యాన్ల కొట్టాయన ఏదో కంపెనీ తరఫున అమ్ముతాడు గనక అది ఏజెన్సీ. ఎల్ఐసీ ఏజెంటు, ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటు, కొల్లేటి చేపల వ్యాపారంలో కమీషన్ ఏజెంటు, అందరూ ఈ బాపతే. ఈ లెక్కలో ముగ్గురుంటారు: పంపే యజమాని, వచ్చే ఏజెంటు, అతను ఎవరితో వ్యవహరిస్తాడో ఆ మూడో మనిషి. ఈ మూడో మనిషిని గుర్తుపెట్టుకోండి. మన కథలో అతను మళ్ళీ వస్తాడు.

ఈ రెండో అర్థంలోని ఏజెంట్లు మన దేశానికి ఓడల మీద వచ్చారు. కొల్లేరు దాటి దక్షిణానికి పోతే వచ్చే మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1611లో వ్యాపారం మొదలుపెట్టింది. లండన్‌లో ఉన్న యజమానుల తరఫున బట్ట కొనేవాళ్ళ పెద్దని ఏజెంట్ అనేవారు. మచిలీపట్నం నుంచి వెళ్ళిన ఆండ్రూ కోగన్ మద్రాసు సెయింట్ జార్జి కోటకి మొదటి ఏజెంట్ అయ్యాడు. అంటే ఆ కోటలో గవర్నరు కంటే ముందు కూర్చున్నవాడు ఏజెంటే. బట్ట కొనడానికి వచ్చినవాళ్ళు శిస్తు వసూలుకి దిగడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది. అది మీరు బళ్ళో చదువుకున్నదే.

ఇక మన సంగతి. 1830ల్లో గంజాం వైపు గుంసూరు, పర్లాకిమిడి కొండల్లో తిరుగుబాట్లు వచ్చాయి. వాటిని అణచడానికి, కారణాలు తెలుసుకోవడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని పంపింది. కింద మైదానంలో నడిచే కోర్టులు, చట్టాలు ఈ కొండల్లో నడవవని అతను రాశాడు. దాని ఫలితమే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేసి జిల్లా కలెక్టరు చేతిలో పెట్టారు. అక్కడ అతను కలెక్టరు హోదాలో కాకుండా ‘ఏజెంట్ టు ది గవర్నర్’ హోదాలో పాలిస్తాడు. శిస్తు, పోలీసు, తీర్పు, మూడూ ఆయనవే. ఏజెంటు పాలించే నేల గనక అది ఏజెన్సీ అయింది.

కొండ పేరు చూసి కాదు, ఏటి పేరు చూసి కాదు, అక్కడ బతికే మనిషిని చూసి అంతకంటే కాదు. మైదానం నుంచి గుర్రమెక్కి వచ్చే అధికారి హోదా పేరు మన నేలకి పెట్టారు. ఇప్పుడు ఆ మూడో మనిషిని తలచుకోండి. యజమాని మద్రాసులో గవర్నరు. ఏజెంటు కలెక్టరు. మన తాతలు యజమానీ కాదు, ఏజెంటూ కాదు. ఏజెంటు ఎవరితో ‘వ్యవహరిస్తాడో’ వాళ్ళు.

గోదావరి వైపు ఈ పేరు వెంటనే రాలేదు. 1858లో పోలవరం కొండల్లో కొరటూరుకి చెందిన కారుకొండ సుబ్బారెడ్డి కంపెనీ మీద తిరగబడినప్పుడు, ఆయన్ని పట్టుకుని బుట్టాయగూడెంలో ఉరితీసినప్పుడు, మన ప్రాంతం ఇంకా ఏజెన్సీ కాదు. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. అదే ఏడాది భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు సెంట్రల్ ప్రావిన్సుల నుంచి గోదావరి జిల్లాలో కలిశాయి. 1879లో రంప తిరుగుబాటు. చెట్టెక్కి కల్లు గీసుకునే హక్కు మీద పన్ను, ఆ పన్ను వసూలుకి కాంట్రాక్టర్లు, అప్పుల పేరుతో పశువుల్ని తోలుకుపోయే వ్యాపారులు, వాళ్ళకి అండగా మైదానం కోర్టుల డిక్రీలు. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర లాంటి నాయకులు లేచారు. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. ఆ తర్వాత రంప, క్రమంగా పోలవరం కొండలు కూడా గోదావరి ఏజెన్సీలో భాగమయ్యాయి.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు ‘బ్రిటిషువాళ్ళు గిరిజనుల్ని కాపాడటానికి ఏజెన్సీ పెట్టారు’ అని కొందరు, ‘విడగొట్టడానికి పెట్టారు’ అని కొందరు అంటారు. మాకు తోచింది వేరు. అలజడి వచ్చిన ప్రతిసారీ ఏజెన్సీ హద్దు ఇంకొంచెం జరిగింది. అంటే ఆ గీత గీసింది దొరలే అయినా, గీయించింది మన పెద్దల తిరుగుబాట్లు. ‘ఏజెన్సీ’, ‘అజిటేషన్’ తోబుట్టువులని ముందే చెప్పుకున్నాం కదా!

1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతివాడి భూమి బయటివాడికి పోవాలంటే ఏజెంటు అనుమతి ఉండి తీరాలి, వడ్డీకి హద్దు ఉండాలి. కాగితం మీద మంచి చట్టం. దాన్ని అమలు చేసే అధికారులే రోడ్డు పనులకి కూలి ఎగ్గొట్టి జనాన్ని తోలారు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడిచిన కథకి ఆ రోడ్డు పనులు కూడా ఒక కారణం. అడవిలో పోడు కొట్టకుండా ఆపడం ఇంకో కారణం. పోరాటం ముగిసిన 1924లోనే ‘ఏజెన్సీ రూల్స్’ వచ్చాయి. సివిల్ దావాలు కూడా ఏజెన్సీ అధికారుల ముందే తేలాలని అవి రాశాయి. ఇంగ్లీషు పాలకులు తర్వాత ఈ నేలకి ‘వెనుకబడిన ప్రాంతం’ అని, 1935 చట్టంలో ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతం’ అని పేర్లు మార్చారు. జనం నోట ఒక్క పేరే నిలిచింది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఐదో షెడ్యూల్‌లో ‘షెడ్యూల్డ్ ఏరియా’ అనే కొత్త పేరు తెచ్చింది. ఏవి షెడ్యూల్డ్ ఏరియాలో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చూడండి. మన వరస దగ్గర ‘పశ్చిమ గోదావరి జిల్లాలోని పశ్చిమ గోదావరి ఏజెన్సీ ప్రాంతం’ అని ఉంటుంది. కొత్త చట్టం పాత మాట మీదే నిలబడింది. ఆ ఉత్తర్వులో ఒక వింత కూడా ఉంది. విశాఖ ఏజెన్సీ నుంచి మినహాయించిన కొన్ని గ్రామాల జాబితాలో ఒక ఊరి పేరు ‘ఏజెన్సీ లక్ష్మీపురం’. పేరులో ఏజెన్సీ ఉంది, ఊరు మాత్రం షెడ్యూల్డ్ ఏరియాలో లేదు. నిజాం ఏలిన ఆదిలాబాదు అడవుల్లోకి మద్రాసు గవర్నరు ఏజెంటు ఎన్నడూ వెళ్ళలేదు. అయినా ఇవాళ అందరం ‘ఉట్నూరు ఏజెన్సీ’ అనే అంటాం. మాట తన పుట్టినింటిని మరిచిపోయి ఊళ్ళు తిరిగింది.

మనం ఒక్కళ్ళమే ఈ పేరు మోశామనుకోకండి. అమెరికాలో మూలవాసుల రిజర్వేషన్ల మీద ప్రభుత్వం ‘ఇండియన్ ఏజెంట్’ అనే అధికారిని పెట్టేది. రేషన్ పంచేది, కట్టడి చేసేది అతనే. అతని కార్యాలయం ఉన్న చోటు ఏజెన్సీ. 1890 డిసెంబరు 15న లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్‌ని అరెస్టు చేయడానికి వెళ్ళి కాల్చి చంపింది స్టాండింగ్ రాక్ ఏజెన్సీ పోలీసులే. వాళ్ళని పంపింది అక్కడి ఏజెంటు. ఇటు వాయవ్యంలో ఖైబర్, కుర్రం ఏజెన్సీలని పొలిటికల్ ఏజెంట్లు ఏలారు. పాకిస్తాన్ 2018లో వాటిని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిపి జిల్లాలు చేసింది. మన దేశంలోనే ఈశాన్య సరిహద్దు ఏజెన్సీ అనే పేరుండేది, నేఫా అనేవారు. 1972లో అది అరుణాచల్ ప్రదేశ్ అయింది. వాళ్ళందరూ పేరు దులుపుకున్నారు. మన దగ్గర 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు అనే పేర్లొచ్చాయి. ఏలూరు జిల్లా వాళ్ళం మాత్రం ఇంకా ‘ఏజెన్సీ మండలాలు’ అనే రాసుకుంటున్నాం.

మరి మనమూ ఈ మాట వదిలేద్దామా? మాలో మాకే దీని మీద గంటసేపు వాదన జరిగింది. వదిలేయాలన్నవాళ్ళ మాటలో న్యాయముంది. ఉద్యోగులకి ‘ఏజెన్సీకి బదిలీ’ అంటే శిక్ష. పేపర్లో ‘ఏజెన్సీలో’ అని మొదలైతే తర్వాత వచ్చేది జ్వరాలో, డోలీ మోతో. ఏలూరు హాస్టల్లో ‘నువ్వు ఏజెన్సీనా?’ అని అడిగే గొంతులో ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకో వైపు చూడండి. 1959 భూ బదలాయింపు నిబంధనని 1970లో సవరించి గట్టి చేశారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే చట్టం. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే ముందు భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడం కూడా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. 1997లో సమతా కేసు తీర్పులో, ప్రభుత్వమే అయినా షెడ్యూల్డ్ ఏరియా భూమిని ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదంది. (తమాషా ఏమిటంటే, పెద్ద కంపెనీలని వెనకుండి నడిపించే ‘మేనేజింగ్ ఏజెన్సీ’ పద్ధతిని కేంద్రం రద్దు చేసిందీ ఆ 1970లోనే. ఒక ఏజెన్సీకి తలుపు మూసిన ఏడాదే ఇంకో ఏజెన్సీకి కంచె బిగిసింది.)

ఈ చట్టంలో కలెక్టరుకి పేరు ఇప్పటికీ ‘ఏజెంట్’ అనే. భూమి కేసు కింద ఒకలా తేలితే అప్పీలు వినేది ‘ఏజెంట్ టు గవర్నమెంట్’ హోదాలో కలెక్టరే. ఇది తెలియకపోతే ఏమవుతుందో మేము చూశాం. జీలుగుమిల్లి వైపు ఒక పెద్దాయనకి ఇలాంటి కేసులో కాగితం వచ్చింది. ఎవరో చదివి ‘ఏజెంటు దగ్గరికి రమ్మన్నారు’ అని చెప్పారు. జీడిమామిడి గింజలు కొనే ఏజెంటు కాబోలు, బాకీ అడగడానికి పిలిచాడనుకుని ఆయన వెళ్ళలేదు. వాయిదా దాటిపోయింది. ఆ పొలం సంగతి మళ్ళీ మొదటికి తేవడానికి చాలా తిరగాల్సి వచ్చింది. ఒక మాటకున్న రెండు అర్థాల మధ్య ఒక కుటుంబం పొలం ఇరుక్కుపోవడమంటే ఇదే.

ఉద్యోగాల్లోనూ అంతే. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. డీఎస్సీకి చదువుతున్న మీలో చాలామందికి ఆ తేదీ మాకంటే బాగా గుర్తుంటుంది.

కొల్లేటి వైపు ఉన్న మన వాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఈ సంచిక చదివేవాళ్ళందరూ కొండల నుంచి వచ్చినవాళ్ళు కారు. భీమడోలు, కైకలూరు, మండవల్లి వైపు చెరువు గట్ల మీద గుడిసె వేసుకుని, రాత్రంతా చేపల చెరువుకి కాపలా ఉండే యానాది కుటుంబాలున్నాయి. పందులు పెంచుకుని, బుట్టలల్లి బతికే ఎరుకల కుటుంబాలున్నాయి. వాళ్ళూ షెడ్యూల్డ్ తెగలే. అయితే వన్ ఆఫ్ సెవెంటీ వాళ్ళ గడప దాకా రాదు. ఆఫీసులో ‘మీది ఏజెన్సీ కాదుగా’ అనే మాటతో ఎన్నో అర్జీలు ఆగిపోతాయి. మనలో మనమే కొన్నిసార్లు ‘మేం ఏజెన్సీ, వాళ్ళు ప్లెయిన్స్’ అని గీత గీసుకుంటాం. ఆ గీత 1839లో ఒక గవర్నరు తన పాలన సౌకర్యం కోసం గీసింది. ఎరుకలవారికి ఇలాగే ‘సెటిల్మెంట్’ అనే ఇంకో ఇంగ్లీషు మాట తగులుకుంది. నేరస్థ తెగల చట్టం కింద వాళ్ళని కంచెల్లో ఉంచిన కథ అది. వేరే వ్యాసం అవుతుంది, వచ్చే సంచికలో ఎరుకల తమ్ముళ్ళే రాస్తే బాగుంటుంది.

మన సొంత మాటలు లేవా అంటే ఉన్నాయి. మన్యం ఉంది, మన్నెం ఉంది. కోయవాళ్ళు తమని తాము కోయతూర్ అనుకుంటారు. గూడెం ఉంది. ఆ మాట చూడండి, కొండల్లో బుట్టాయగూడెం నుంచి జంగారెడ్డిగూడెం మీదుగా కిందికి దిగి తాడేపల్లిగూడెం దాకా వచ్చి రైల్వే స్టేషను బోర్డెక్కింది. మన గూడేన్ని చిన్నచూపు చూసే పట్నం పేరులోనే గూడెం ఉందని ఈసారి ఎవరైనా ఆటపట్టిస్తే చెప్పండి.

మాకు తోచిన తీర్పు ఇది. రాజ్యాంగ ఉత్తర్వులో, భూమి కాగితంలో ఏజెన్సీ అన్న మాట ఉన్నంతకాలం దాన్ని కాగితం మీద గట్టిగా పట్టుకోవాల్సిందే. ఇంట్లో, పాటలో, మన సంఘం బ్యానరు మీద మాత్రం మన్యం అనుకుందాం. ఏజెన్సీకున్న మొదటి అర్థం, తానే కర్తగా చేయడమనే అర్థం, మనకి ఎవరూ ఇవ్వలేదు గనక అది ఏ జీవోతోనూ రద్దు కాదు. మాలో ఒకరు దీనికి ఒప్పుకోలేదు. కాగితంలో ఉన్నది నోట్లో లేకపోతే మెల్లగా కాగితంలోంచీ పోతుందని ఆమె వాదన. అది కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాం.

చివరిగా కొరటూరు మాట. 1858లో సుబ్బారెడ్డి లేచిన ఆ ఊరు పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాల్లో ఒకటి. ఆ ఊళ్ళ కుటుంబాలు ఇళ్ళు వదిలి పునరావాస కాలనీలకి చేరాయి. షెడ్యూల్డ్ ఏరియా నుంచి తరలించిన గిరిజనుల్ని షెడ్యూల్డ్ ఏరియాలోనే ఉంచాలని, బయటికి పంపాల్సి వస్తే వాళ్ళ రక్షణలు కూడా వాళ్ళ వెంట రావాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. కాలనీలో ఉంటున్న వాళ్ళు మీ పట్టా కాగితం ఒకసారి తీసి, మీ కొత్త ఇల్లు ఏ గ్రామం హద్దులో ఉందో, ఆ గ్రామం షెడ్యూల్డ్ ఏరియా జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

మిగిలినవాళ్ళు కూడా ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత కాగితాలు తీయండి. శిస్తు రసీదు, కోర్టు నోటీసు, తాతగారి పట్టా, ఏదైనా సరే. ఎక్కడ ‘ఏజెంట్’, ‘ఏజెన్సీ’ అని ఉన్నా ఫోటో తీసి, అది ఏ ఊరిదో, ఎవరి తరం నాటిదో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసి సంఘానికి పంపండి. చెదలు పట్టినవి కూడా పంపండి. చదవగలిగినంత చదువుదాం.